రెండు కాళ్ళూ ఒకేసారి

దాజీ పేట్, సోలాపూర్
16 ఏప్రిల్ 2020

చిరంజీవి కోమల్‌కు బాపమ్మ చంద్రభాగ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అనే మాటతో ఉత్తరం మొదలుపెట్టడం నా అలవాటు. నిజమో కాదో తెలియని మాట రాయకూడదని బడిలో ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పిన దాన్ని కనుక, ఈసారి ఆ మాట వదిలేస్తున్నాను. మా గల్లీని నిన్న మూసేశారు. ఒక చివర వెదురు బొంగులు కట్టారు, కొంతం చౌక్ వైపు మనిషెత్తు రేకులు నిలబెట్టారు. లోపలి వాళ్ళు బయటికి పోరాదు, బయటి వాళ్ళు లోపలికి రారాదు.

నువ్వు ఫోను చేస్తే తాతయ్య ఎత్తుతున్నాడు. కోమల్ ఏమన్నది అని అడిగితే "అంతా మంచిగనే ఉన్నదట" అని చెయ్యి ఊపుతాడు. ఆ చెయ్యి ఊపుడు మీద నాకు నమ్మకం లేదు. నా చెవి మిషను బ్యాటరీ అయిపోయింది. అమ్మే దుకాణం తెరిచే దాకా నాకు ఫోను ఉన్నా లేనట్టే. అందుకే ఈ ఉత్తరం. ఆశా వర్కర్ ఆరతి మీ విడి ఘర్కుల్ కాలనీ మనిషే కదా, ఆమెకు డ్యూటీ మా పేట్‌లో వేశారు. జ్వరాల సర్వేకు వచ్చినప్పుడల్లా ఉత్తరాలు తెచ్చి ఇస్తానని ఒప్పుకుంది. అందగానే విప్పకు. ఒక పూట ఎండలో పెట్టి విప్పు. నేను ఎండలో పెట్టి, ఆపైన ఇస్త్రీ చేసి చదువుతాను.

చెవులు వినబడకపోయినా మగ్గాలు ఆగిన సంగతి నాకు అరికాళ్ళ వల్ల తెలిసింది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి పగలల్లా ఈ ఇంటి నేల సన్నగా అదురుతూనే ఉండేది. వెనకింటి కరెంటు సాంచెలు, పక్కింటి సాంచెలు. ఇప్పుడు నేల చల్లబడిపోయింది. అడుగు వేస్తుంటే ప్రాణం పోయిన దాని మీద వేసినట్టు ఉంది. ఇది రాయవద్దనుకుని రాశాను.

మీ అమ్మ సంగతి వివరంగా రాయి. బుధవారం, శనివారం డయాలసిస్ తప్పకూడదు. నీళ్ళు కొలిచి ఇస్తున్నావా? పాదాల వాపు ఎంత? మీ బాపు నూలు కోసం పోయి భివండీలో చిక్కుకున్నాడు కనుక ఆ ఇంటికి ఇప్పుడు పెద్దవు నువ్వే.

పెద్దవు అన్నానని వ్యాను జోలికి పోకు. మీ బాపు తువ్వాళ్ళ మూటలు వేసుకుని తిరిగే బండి అది, ఆటవస్తువు కాదు. నీ దగ్గర ఉన్నది లర్నింగ్ లైసెన్సు. డ్రైవింగ్ క్లాసు మొదలైన వారం లోపలే అన్నీ మూతపడ్డాయి. పక్కన లైసెన్సు ఉన్న మనిషి లేకుండా నువ్వు స్టీరింగ్ పట్టడం నేరం. మన ఇంట్లో ఇప్పటి వరకు ఎవరూ పోలీసు ముందు తల దించలేదు. మీ ఎదురింటి లక్ష్మణ్ ఆటో ఉంది. దానిలోనే వెళ్ళండి.

మీ బాపమ్మ

తాత రాసేది: బిడ్డా, మీ బాపమ్మ ఉత్తరాలు ఇస్త్రీ చేస్తున్నది. నా అంగీలు మాత్రం ముడతలతోనే ఉన్నయి. ఎవలకు చెప్పుకోవాలె?


విడి ఘర్కుల్, సోలాపూర్
20 ఏప్రిల్ 2020

బాపమ్మకు కోమల్ నమస్కారాలు.

నీ ఉత్తరాన్ని తులసి కోట పక్కన రాయి బరువు పెట్టి ఎండబెట్టాను. అమ్మ దూరం నుంచే చూసి, "మీ బాపమ్మ అక్షరాలు గూడ నిలబడి చూస్తున్నట్టే ఉంటయి" అన్నది.

అమ్మకు నీళ్ళు కొలిచే ఇస్తున్నాను. దాహమైనప్పుడు మంచుముక్క నాలుక మీద పెడుతున్నాను. బీడీల పని ఆగింది. ఆకు రావడం లేదు, తంబాకు రావడం లేదు. అయినా పొద్దున్నే ఖాళీ చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. వేళ్ళు మాత్రం చుడుతూనే ఉంటాయి. చూస్తే నాకు భయమేస్తుంది. చేట తీసేస్తే ఇంకా భయమేస్తుంది.

లక్ష్మణ్ కాకా ఆటో ఇక రాదు. ఆయన ఎక్కించుకున్న సవారీకి కరోనా తేలింది. కాకా చేతి మీద ముద్ర వేసి, ఇంట్లోనే ఉండమన్నారు. శనివారం అంబులెన్సుకు ఫోను చేశాను. ఆలస్యమైంది కానీ వచ్చింది. దవాఖానలో మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం మానేశాం. ఎవరైనా దగ్గితే వరుసలో ఉన్న తలలన్నీ కిందికి దిగుతాయి. అమ్మకు మిషను పెట్టారు. ఇంటికి వచ్చాం. అంతా సరిగ్గానే జరుగుతోంది.

వ్యాను వాకిట్లోనే ఉంది. నువ్వు చెప్పినట్టే ఉన్నాను. తాతను అడిగానని చెప్పు.

నీ కోమల్


దాజీ పేట్
23 ఏప్రిల్ 2020

కోమల్‌కు,

ఆశీస్సులు తర్వాత. ముందు నా ప్రశ్నలకు జవాబు కావాలి.

ఈరోజు ఆరతి వచ్చినప్పుడు అరుగు మీద పలక పెట్టి దూరం జరిగాను. నాకు వినబడదు కనుక ఆమె చెప్పేది పలక మీద రాస్తుంది. ఆమె మరాఠీలో రాసింది ఇది: "కోమల్ వ్యాను నడిపి సీతాబాయి నీళ్ళ డ్రమ్ము పగలగొట్టింది. బుధవారం అంబులెన్సు రాలేదు. బాలమణి వదినకు డయాలసిస్ కాలేదు."

నేను ఆ పలకను చాలాసేపు చెరపలేదు.

"అంతా సరిగ్గానే జరుగుతోంది" అని నాకు రాశావు. "నువ్వు చెప్పినట్టే ఉన్నాను" అని రాశావు. పదో తరగతి దాకా నా చేతి కింద తెలుగు నేర్చుకున్నది దీనికా? నేను ఇక్కడ రేకుల వెనక ఉన్నాను. నాకు కళ్ళూ చెవులూ నీ ఉత్తరమే. అందులో నువ్వు ఏది రాస్తే అదే నాకు లోకం. తప్పుడు లోకం చూపిస్తే నేను దేని మీద నిలబడాలి?

డ్రమ్ము దగ్గర పిల్లలు ఎవరైనా ఉన్నారా? నీకు దెబ్బ తగిలిందా? కోడలు ఎట్లా ఉంది? ఒక పూట తప్పితే ఏమవుతుందో డాక్టరు మనిద్దరి ముందే చెప్పాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందన్నాడు. చేరిందా?

జరిగింది జరిగినట్టు రాయి. నేను భయపడతానని దాచకు. భయపడటం నాకు వచ్చు.

తాతయ్య పడుకున్నాడు, అందుకే కింద రాయలేదు.

బాపమ్మ


విడి ఘర్కుల్
25 ఏప్రిల్ 2020

బాపమ్మా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి శనివారమే అంబులెన్సు ఎంత ఆలస్యంగా వచ్చిందంటే మిషను సగం సమయమే పెట్టారు. అప్పుడే అనుకున్నాను, వ్యాను నేర్చుకోక తప్పదని. కాలనీలో కారున్న ఇళ్ళన్నీ అడిగాను. కొందరు తలుపు తీయలేదు. ఒకాయన కిటికీలోంచే, "దవాఖానకు తప్ప ఎక్కడికైనా అడుగు, వస్తా" అన్నాడు. ఇప్పుడు దవాఖానకు తప్ప ఇంకెక్కడికి పోతారు బాపమ్మా?

నాకు నేర్పుతున్నది లక్ష్మణ్ కాకా. నేను మా ఇంటి ముందు ఖాళీ జాగాలో వ్యానులో, ఆయన తన ఇంటి డాబా మీద. మూతికి రుమాలు కట్టుకుని పిట్టగోడ మీద నుంచి అరుస్తాడు. "కోమల్, క్లచ్ దాబ్! గేర్ డాల్! ఆతా హళూ సోడ్... హళూ అన్ననా లేదా? సోడినవ్ గదనే!" క్లచ్ నొక్కి, గేరు వేసి, మెల్లగా వదలమంటాడు, నేను ఒక్కసారే వదిలేస్తాను. మొత్తం గల్లీకి నా క్లచ్ సంగతి తెలుసు.

ముందుకు పోవడం నాకు తొందరగానే వచ్చింది. కాకా ఆశ్చర్యపోయాడు. "మస్త్ ఉఠాతున్నవ్ పోరీ, గిట్ల ఎత్తడానికి నాకు నెల రోజులు పట్టింది" అన్నాడు. ఆపడమే రావడం లేదు. బ్రేకు తొక్కగానే వ్యాను ఎగిరి ముందుకు దూకి, ఊగి ఊగి ఆరిపోతుంది. ప్రతిసారీ అంతే. కాకా తన తల మీద వేలితో కొట్టుకుని అంటాడు, "గాడీ ఖరాబ్ లేదు, నీ డోకా ఖరాబ్ ఉన్నది." ఆయనకు పైనుంచి వ్యాను కప్పు కనిపిస్తుంది, నా కాళ్ళు కనిపించవు. మన వ్యానుకు ముందు ఇంజను ఉండదు కదా. నా మోకాళ్ళ ముందు ఒక రేకు, ఆ వెంటనే లోకం. దూకిన ప్రతిసారీ నేనే పోయి గుద్దుకుంటున్నట్టు ఉంటుంది.

సీతాబాయి డ్రమ్ము దగ్గర కూడా అదే జరిగింది. మెల్లగానే పోతున్నాను. డ్రమ్ము చాలా దూరంలో ఉండగానే బ్రేకు తొక్కాను. దూకింది. పిల్లలెవరూ లేరు. నాకేం కాలేదు. సీతాబాయి బయటికి వచ్చి, "అగం బాయి! నీళ్ళకు లైన్ల నిలబడి నింపుకున్న డ్రమ్మే! నీళ్ళు నువ్వు తెస్తవా, మీ బాపమ్మ తెస్తదా?" అని అరిచింది. కాసేపటికి అమ్మను చూసి ఊరుకుంది. అప్పటి నుంచి మా బిందెలతోనే ఆమెకు నీళ్ళు మోస్తున్నాను.

బుధవారం అంబులెన్సు రాలేదు. పొద్దున నుంచి ఫోను చేస్తూనే ఉన్నాను. అమ్మ పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి ఆడలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. పాదం మీద వేలు పెట్టి తీస్తే గుంట అట్లాగే ఉండిపోయింది. నిండుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. అమ్మ అన్నది, "గట్ల చూడకు బిడ్డా, నువ్వు చూస్తుంటే అదింక నిండదు."

ఈరోజు ఆరతక్క ఎవరెవరినో బతిమాలితే అంబులెన్సు వచ్చింది. మిషను పెట్టారు. తేలికపడింది. కానీ ఆ డ్రైవరు చెప్పాడు, వచ్చే వారం నుంచి ఈ బండ్లన్నీ కరోనా వాళ్ళకేనట. బుధవారం మీరే చూసుకోండి అన్నాడు.

చూసుకోవడానికి నేను ఒక్కదాన్నే ఉన్నాను. బాపు భివండీ నుంచి ఫోనులో, "క్లచ్ మెల్లగ వదలు బిడ్డా" అంటాడు. నాకు బండి నడపాలంటే భయం. అమ్మను బండిలో కూర్చోబెట్టి ఆపలేకపోతానేమోనని ఇంకా భయం. నువ్వు వద్దంటే నడపను. కానీ వద్దని రాసేటప్పుడు ఇంకేం చేయాలో కూడా రాయి.

కోమల్


దాజీ పేట్
27 ఏప్రిల్ 2020

చిరంజీవి కోమల్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇస్త్రీ చేయకుండానే చదివాను. తర్వాత రెండోసారి చదివాను. మూడోసారి చదువుతుంటే నా కాళ్ళు నేల మీద కదలడం చూసుకున్నాను.

నేను జన్మలో బండి నడపలేదు. కానీ నువ్వు రాసింది చదువుతూ, క్లచ్ ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి అనుకుని పీట మీద కూర్చుని తొక్కి చూశాను. ముందుకు పోవడానికి ఎడమ కాలు మెల్లగా పైకి లేపాలి, కుడి కాలితో ఎక్సలేటరు మెల్లగా కిందికి నొక్కాలి. అది నీకు తొందరగా వచ్చింది. ఎందుకు రాదు? ఏడేళ్ళప్పటి నుంచి ప్రతి సెలవులోనూ తాతయ్య గుంట మగ్గంలో నిన్ను కూర్చోబెట్టాను. కాళ్ళ కింది కుడి కర్ర తొక్కితే ఎడమ కర్ర లేవాలి. ఎడమది తొక్కితే కుడిది లేవాలి. రెండూ ఒకేసారి తొక్కితే పడుగు తెరుచుకోదు, అడ్డపోగు తెచ్చే నాడె పోయే దారి ఉండదు, పోగులు తెగుతాయి. నువ్వు రెండూ తొక్కినప్పుడల్లా నీ మోకాలి మీద స్కేలుతో కొట్టింది నేనే. ఆ తప్పు నీ కాళ్ళలో లేకుండా చేశాను.

వ్యాను ఆపాలంటే చెయ్యవలసింది ఆ తప్పే.

నువ్వు బ్రేకు కోసం కుడి కాలు దించగానే నీ ఎడమ కాలు దానంతట అది లేస్తోంది. నీకు తెలియకుండానే. క్లచ్ వదిలేస్తున్నావు. అందుకే బండి దూకుతోంది. లక్ష్మణ్‌కు ఇది తెలిసే వీలు లేదు, అతను మగ్గంలో కూర్చోలేదు. నీ డోకా బాగానే ఉంది. నీ కాళ్ళు మగ్గం గుంటలో ఉన్నాయి.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. వ్యానులో కాదు, ముందు ఇంట్లో. పీట మీద కూర్చో. రెండు పాదాల కింద రెండు మెత్తటి దిండ్లు పెట్టు. అమ్మను ఎదురుగా కూర్చోబెట్టు. ఆమె ఎప్పుడు పడితే అప్పుడు "ఆగు" అనాలి. అనగానే రెండు కాళ్ళూ ఒకేసారి కిందికి పోవాలి. ఎడమది లేచిందంటే అమ్మ మోకాలి మీద కొట్టాలి. మెత్తగా కాదు. ఆమెకు చేతనవుతుంది, చేటతో కొట్టమను. కాళ్ళు ఆలోచించకుండా పోయే దాకా చెయ్యి. ఆ తర్వాతే వ్యాను.

ఇక చట్టం సంగతి. పక్కన లైసెన్సు ఉన్న మనిషి లేకుండా నువ్వు నడపడం ఈరోజుకూ నేరమే. నేను ఒప్పుకున్నంత మాత్రాన అది ఒప్పు కాదు. అందుకని పోలీసు అధికారి పేరిట మరాఠీలో ఒక అర్జీ రాసి దీనితో పంపుతున్నాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. నీ వయసు, లర్నింగ్ లైసెన్సు నంబరు, కోడలి జబ్బు, వేరే దిక్కు లేకపోవడం. నడపమన్నది ఇంటి పెద్దనైన నేను కనుక శిక్ష నాది అని సంతకం చేశాను. ఎవరు ఆపినా దాచకుండా ఇది ఇవ్వు. అబద్ధం మాత్రం చెప్పకు. కంగారులో నోటికి వచ్చేది అదే.

ఇన్ని మాటలు ధైర్యంగా చెప్పానని అనుకోకు. పై వాక్యాల్లో అక్షరం వంకర పోయిన చోట దాన్ని దిద్దలేదు.

తాతయ్య విశ్రాంతి తీసుకుంటున్నాడు.

బాపమ్మ


విడి ఘర్కుల్
29 ఏప్రిల్ 2020, బుధవారం

బాపమ్మా,

పోయి వచ్చాం. అమ్మ పడుకుంది. పడుకోగలిగింది. ఇది మొదటి వాక్యంగా రాయాలని దారంతా అనుకున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాం. అమ్మ చేటతో కొట్టింది. మొదట పక్కనున్న దిండు మీద కొట్టేది, తర్వాత కోపం వచ్చి మోకాలి మీదే కొట్టింది. "ఆగు" అనీ కొట్టేది, అనకుండానూ కొట్టేది. "పనిలో పని, పాతయి గూడ తీర్సుకుంటున్న" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. మంగళవారం వ్యానులో కూర్చుని బ్రేకు తొక్కాను. దూకలేదు. కాకా డాబా మీద నుంచి, "ఏం జేసినవ్? ఏం జేసినవ్?" అని అరిచాడు. మా బాపమ్మ అని చెప్పాను. "మీ బాపమ్మ గాడీ నడుపుతదా?" అన్నాడు. మగ్గం అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

పొద్దున్నే బయలుదేరాం. వెనక తువ్వాళ్ళ మూటల మీద బొంత పరిచి అమ్మను కూర్చోబెట్టాను. నేను భయపడింది బండ్లకు, రద్దీకి. హైదరాబాద్ రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఆ ఖాళీయే ఎక్కువ భయపెట్టింది. మూసిన షట్టర్లు, రోడ్డు మధ్యలో పడుకున్న కుక్కలు. ఎవరూ లేని ఊళ్ళో మేమిద్దరమే మిగిలిపోయినట్టు అనిపించింది. గేరు మార్చినప్పుడల్లా ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. అమ్మ శ్వాస వినబడుతోందా లేదా అని చెవి వెనకే పెట్టాను. ఇంజను చప్పుడులో వినబడలేదు. "అమ్మా" అంటే "ఊఁ" అనేది. ప్రతి మలుపుకీ "అమ్మా" అన్నాను.

కొంతం చౌక్ దగ్గర మలుపు తిరగగానే రేకుల చాటు నుంచి ఒక పోలీసాయన లాఠీ చాపి నేరుగా నా ముందుకు వచ్చాడు. నా మోకాళ్ళ ముందు రేకు, ఆ రేకు ముందు ఆయన. నేను ఏమీ ఆలోచించలేదు బాపమ్మా. రెండు కాళ్ళూ పోయాయి. ఆయన చొక్కా గుండీలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా ఆగింది. ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. వెనక నుంచి అమ్మ, "ఆగిందా? ఆగితే చెప్పు, కండ్లు తెరుస్త" అన్నది.

లైసెన్సు అడిగాడు. నోటికి అబద్ధం వచ్చింది. మా బాపు వెనక వస్తున్నాడని చెప్పబోయాను. నీ అర్జీ చేతికి ఇచ్చాను. ఆయన దూరంగా పట్టుకుని చదివాడు. ఒక చోట ఆగి పైకే చదివాడు. "నన్ను అరెస్టు చేయవలసి వస్తే నేను దాజీ పేట్‌లో మీరు కట్టిన రేకుల లోపలే ఉంటాను. పారిపోయే దారి మీరే మూశారు." మాస్కు వెనక నవ్వాడో లేదో తెలియదు. వెనక తలుపు తీసి అమ్మ పాదాలు చూశాడు. తర్వాత మరాఠీలో, ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది, తిరిగి ఇదే దారిలో రా, నువ్వు వచ్చే దాకా నా డ్యూటీ ఇక్కడే అన్నాడు. "హళూ జా, బేటా" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడే నిలబడి ఉన్నాడు. అర్జీ వాపసు ఇచ్చాడు. శనివారం కూడా ఇదే చూపించమన్నాడు.

ఇప్పుడు నేను అడిగేది ఒకటే. నీ గత రెండు ఉత్తరాల్లో తాత రాత లేదు. ఒకసారి పడుకున్నాడన్నావు, ఒకసారి విశ్రాంతి అన్నావు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఆరతక్కను అడిగితే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఈరోజు కొంతం చౌక్‌లో నిలబడి ఆ రేకుల వైపు చూశాను. అంత దగ్గరలో ఉండి నీకు వినబడేలా పిలవలేను.

జరిగింది జరిగినట్టు రాయమన్నది నువ్వే. తాత ఎక్కడ?

కోమల్


దాజీ పేట్
1 మే 2020

చిరంజీవి కోమల్‌కు,

తాతయ్య ఇంట్లో లేడు.

మొన్నటి ఆదివారం కాదు, దాని ముందు ఆదివారం తీసుకుపోయారు. అరుగు మీద తనతో చాయ్ తాగే నేస్తానికి కరోనా తేలింది. అతనితో కూర్చున్న వాళ్ళందరినీ బస్సు ఎక్కించారు. ఊరి బయట ఒక హాస్టలులో పెట్టారు. నేను ఆ అరుగు మీద కూర్చోలేదు కనుక నన్ను వదిలేశారు. తాతయ్య కంగారులో ఫోను ఇంట్లో మరిచిపోయాడు. అది మోగుతున్నప్పుడు దాని అద్దం వెలుగుతుంది. నీ పేరు కనబడుతుంది. ఎత్తి ఏం చేయను? చూస్తూ కూర్చుంటాను.

పడుకున్నాడని రాసినప్పుడు పడుకునే ఉన్నాడు. ఎక్కడ పడుకున్నాడో రాయలేదు. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఆ మాట నిలబడలేదు. ఒక భయం మోస్తున్న దాని మీద రెండోది పెట్టవద్దనుకున్నాను. ఆరతిని కూడా నేనే ఆపాను.

ఆ బస్సు మెట్లు ఎక్కేటప్పుడు ఆయన తుంటి పట్టేసింది. చెయ్యి ఇవ్వబోయాను. పీపీఈ వేసుకున్న మనిషి నన్ను వెనక్కి జరగమన్నాడు. జరిగాను. రూలు రూలే కదా. ఆయన బస్సులోంచి ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి. మాస్కు లేకపోతే చదవగలిగేదాన్ని. ఆ మాట ఏమిటో నాకు ఈరోజుకూ తెలియదు. ఇల్లంతా ఎవరూ లేక, చప్పుడు లేక, నేల అదురు లేక ఉన్నప్పుడు నాకు ఆ ఒక్క మాటే కావాలనిపిస్తుంది.

నిన్న ఆరతి పలక మీద రాసింది. పరీక్షలో ఆయనకు లేదని వచ్చింది. ఎల్లుండి తర్వాత వదిలేస్తారట. కానీ తెచ్చి దింపే బండి లేదు. తీసుకుపోయిన బస్సు తిరిగి తెచ్చే పని చేయదట. ఎవరి ఏర్పాటు వాళ్ళదే. ఆయన ఆ తుంటితో గేటు దాకా నడవలేడు.

ఇది అడగడానికి నాకు ఇంత కాగితం పట్టింది. సోమవారం పొద్దున వ్యాను తీసుకుని వెళ్ళి తాతయ్యను తీసుకురా.

అమ్మను ఆరోజు వ్యానులో ఎక్కించకు. ఆయనకు లేదని కాగితం చెబుతోంది, కానీ కోడలి ఒంటికి కాగితాన్ని నమ్మే ధైర్యం నాకు లేదు. ఆయనను వెనక కూర్చోబెట్టు, అద్దాలన్నీ దించు, ముట్టుకోకు. దింపిన తర్వాత వ్యానును కడిగి, బుధవారం దాకా తలుపులు తీసి ఎండలో ఉంచు. ఇంకో అర్జీ పంపుతున్నాను. ఈసారి కారణం వేరు కనుక కాగితం కూడా వేరే ఉండాలి.

నేను రేకుల దగ్గర నిలబడతాను.

బాపమ్మ


విడి ఘర్కుల్
2 మే 2020

బాపమ్మా,

వస్తాను. ఈరోజు శనివారం కూడా అమ్మను తీసుకుపోయి తెచ్చాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. బస్సు మెట్ల దగ్గర ఆపమన్నది. "అత్తమ్మ ఒక్కతే ఉన్నదా ఇన్ని దినాలు?" అన్నది. తర్వాత ఖాళీ చేట తీసి గోడకు ఆనించింది. తన పాత షాలు ఉతికి ఎండేసింది, మామయ్య తుంటి కింద పెట్టమని.

భయంగానే ఉంది. కానీ వస్తాను.

కోమల్


దాజీ పేట్
5 మే 2020

చిరంజీవి కోమల్‌కు బాపమ్మ ఆశీస్సులు.

నిన్నటి సంగతి నీకు తెలుసు, నువ్వే ఉన్నావు. అయినా ఇటువైపు నుంచి నాకు ఎట్లా కనబడిందో రాస్తున్నాను. రేకులకు ఇవతల జరిగింది నువ్వు చూడలేదు.

పొద్దున్నే వచ్చి నిలబడ్డాను. పోలీసాయన నన్ను చూసి వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. పలక మీద "నా మనుమరాలు వస్తుంది" అని మరాఠీలో రాసి పైకెత్తాను. చదివి, నా ముఖం చూసి, "అర్జీవాల్యా ఆజీ?", ఆ అర్జీ రాసిన ముసలమ్మవా, అన్నట్టుంది. మాస్కు పైనుంచి కళ్ళను బట్టి అనుకున్నాను. ఇంకేమీ అనలేదు.

రెండు రేకుల మధ్య వేలు పట్టేంత సందు ఉంది. దానిలోంచి చౌక్ కనబడుతుంది. నాకు హారన్ వినబడదు, ఇంజను వినబడదు. రాలేదనుకున్నాను. లైసెన్సు లేదని ఎక్కడో ఆపేశారనుకున్నాను. డ్రమ్ము గుర్తొచ్చింది. రేకు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. అప్పుడు ఆ రేకు సన్నగా అదిరింది. మగ్గాలు ఆగాక నా ఒంటికి తెలిసిన మొదటి అదురు అది. ఆ తర్వాతే సందులో వ్యాను కనబడింది.

మలుపు దగ్గర ఒక కుక్క అడ్డం వచ్చింది. నేను కళ్ళు మూసుకోలేదు. వ్యాను ఆగింది. దూకలేదు, ఊగలేదు. నీ కాళ్ళు నాకు కనబడకపోయినా రెండూ పోయాయని తెలిసింది.

తాతయ్య దిగేటప్పుడు పోలీసాయన తన లాఠీ ఇచ్చాడు, పట్టుకోమని. తర్వాత ఒక రేకు పక్కకు జరిపి ఆయనను లోపలికి పంపాడు. నువ్వు స్టీరింగ్ వదిలి దిగలేదు. దిగకూడదనే రాశాను. అయినా ఒక్కసారి దిగితే బాగుండు అనిపించింది. దిగనందుకు నీ మీద గౌరవం కలిగింది. రెండూ నిజం.

ఆయన క్షేమంగా ఉన్నాడు. కొంచెం చిక్కాడు. బస్సులోంచి అన్న మాట ఏమిటని మొదట అదే అడిగాను. పలక మీద రాశాడు: "ఇస్త్రీ పెట్టె స్విచ్చి బంద్ చెయ్యి." ఇన్ని రోజులు నేను ఎన్ని అనుకున్నానో నీకు చెప్పను.

రేపు బుధవారం. పెట్రోలు చూసుకో. మొదటి అర్జీ తీసుకుపో, రెండోది కాదు. అమ్మ పాదాలు పొద్దున్నే నొక్కి చూసి, గుంట నిండిందో లేదో రాయి. కోడలికి చెప్పు, చేట బాగా వాడిందని. నాకు భయం పోలేదు. ఈ గల్లీలో నిన్న మళ్ళీ ఇద్దరిని తీసుకుపోయారు. అయినా నువ్వు వెళ్ళాలి, వెళ్ళు.

మీ బాపమ్మ

తాత రాసేది: బిడ్డా, బండి మంచిగ ఆపినవ్. మీ బాపమ్మ నీకు అన్నీ రాసిన అన్నది గని ఒకటి రాయలే. నువ్వు బండి తిప్పుకొని పోయినంక గూడ ఆమె రేకు మీదికెల్లి చెయ్యి తీయలే. పా ఇంటికి అని నేను నాలుగుసార్లు అన్న. తర్వాత యాదికొచ్చింది, ఆమెకు వినరాదని. నేను గూడ పక్కన చెయ్యి పెట్టి నిలబడ్డ. రేకు సల్లగనే ఉండె.